తాళంచెవి లోపల, మేము బయట

ఢిల్లీలో ఫిబ్రవరి మాసపు ఉదయం ఏడు గంటలంటే ఇంకా మంచు తెర తొలగని వేళ. 2019లో అటువంటి ఒక ఉదయాన, ఓల్డ్ రాజిందర్ నగర్‌లోని ఒక ఇరుకు సందులో, నా పాత చిన్నకారు ఎదుట నేను నిలబడి ఉన్నాను. నాలుగు తలుపులకూ తాళం పడి ఉన్నది. తాళంచెవి మాత్రం లోపల, స్టీరింగు ప్రక్కన, తన రంధ్రంలో తాను హాయిగా వ్రేలాడుతున్నది. వెనుక సీటు మీద నీలిరంగు ఫైలు ఒకటి కనబడుతున్నది. ఆ ఫైలులో మా మేనల్లుడి పదవ తరగతి ధ్రువపత్రం మొదలు డిగ్రీ పట్టా వరకు అన్ని అసలు కాగితాలూ ఉన్నవి. ఇంటర్వ్యూకు రమ్మన్న పిలుపు కూడా అందులోనే ఉన్నది. తొమ్మిది గంటలకు అతడు ఆ కాగితాలతో షాజహాన్ రోడ్డులోని ధోల్‌పూర్ హౌస్‌లో, యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కార్యాలయంలో ఉండాలి.

సివిల్ సర్వీసుల పరీక్షలో వ్రాత పరీక్షకు 1750 మార్కులు, ఇంటర్వ్యూకు 275. ఆ 275 మార్కుల గుమ్మం దాకా రావడానికి మావాడికి నాలుగేళ్ళు పట్టింది. దానిని మూసివేయడానికి నాకు ఒక్క క్షణం పట్టింది.

జరిగింది చాలా చిన్న విషయం. ద్వారక నుండి నేను వచ్చి కారు నిలిపేసరికి అతడు సిద్ధంగానే ఉన్నాడు. ఫైలు వెనుక సీటు మీద పెట్టి తలుపు వేసి, టై మరచిపోయానంటూ మళ్ళీ మూడవ అంతస్తుకు పరుగెత్తాడు. ఇంతలో మంచినీళ్ళ డబ్బాల రిక్షావాడు వెనుక నుండి గంట కొట్టడం మొదలుపెట్టాడు. దారి ఉన్నదో లేదో చూద్దామని ఇంజను ఆపి దిగాను. దిగుతూ, పదమూడేళ్ళుగా చేస్తున్న పనే చేశాను. అద్దం అంచున మొలకలా నిలిచి ఉండే బుడిపెను నొక్కి, బయటి పిడిని పైకి ఎత్తి పట్టుకొని, తలుపు వేశాను.

ఇక్కడ కారు చేసినవారి పక్షాన ఒక మాట చెప్పాలి. ఆ కాలపు కార్లలో డ్రైవరు తలుపు తెరిచి ఉండగా బుడిపె నొక్కి ఊరక వేసేస్తే తాళం పడదు. బుడిపె తిరిగి పైకి లేస్తుంది. నా బోటివాడు తాళంచెవి లోపల మరచిపోతాడని వారు ముందే ఊహించి చేసిన ఏర్పాటు అది. అయితే పిడిని ఎత్తి పట్టుకుంటే ఆ ఏర్పాటు పనిచేయదు. తాళంచెవి తీసి త్రిప్పే శ్రమ తప్పుతుందని మేమంతా ఆ కిటుకు నేర్చుకున్నాము, మా పిల్లలకు కూడా నేర్పాము. రక్షణ కోసం పెట్టిన అడ్డును దాటడం చేతి అలవాటయిన తరువాత, ఆ చేతికి మనసుతో పని ఉండదు.

మారు తాళంచెవి లేదా అని పాఠకులు అడుగుతారు. ఉన్నది. ద్వారకలో మా ఇంటి బీరువాలో భద్రంగా ఉన్నది. ఆ బీరువా తాళంచెవి కారు తాళంచెవితో ఒకే గుత్తికి ఉన్నది. ఇంటి తాళంచెవి కూడా అదే గుత్తికి ఉన్నది. నా భార్య తెనాలిలో పెళ్ళికి వెళ్ళి ఉన్నది.

టై కట్టుకుంటూ మెట్లు దిగి వచ్చిన మేనల్లుడు నా ముఖం చూచాడు, తరువాత అద్దంలోనుండి ఫైలును చూచాడు. "ఫరవాలేదులే మామయ్యా, టైముంది" అన్నాడు. అతని గొంతులో ఫరవాలేదన్న భావం ఏ కోశానా లేదు.

ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఏ ఆపద వచ్చినా సలహాదారులకు కొదవ ఉండదు. దేశం నలుమూలల నుండి వచ్చి సివిల్ సర్వీసులకు చదువుకునే యువకులు ప్రతి ఇంటి ప్రతి అంతస్తులోనూ కాపురముంటారు. కిరాయి గదులు, గ్రంథాలయాలు, జిరాక్సు దుకాణాలు, నోట్సు కట్టలు అమ్మే అంగళ్ళు, అర్ధరాత్రి వరకు టీ దొరికే బండ్లు, వీటన్నిటి మధ్య కాలు పెట్టడానికి చోటుండదు. తెలుగువారు కూడా తక్కువేమీ కాదు. అయిదు నిముషాలలో మా కారు చుట్టూ పదిమంది చేరారు; వారిలో ఇద్దరు కర్నూలు యాసలోనే సానుభూతి తెలిపారు.

ఒకడు బట్టలు తగిలించే తీగ కొక్కెం తెచ్చాడు. ఇంకొకడు ఉక్కు స్కేలును అద్దానికి, రబ్బరు పట్టీకి మధ్య దూర్చుదామన్నాడు. ఈ స్కేలు పద్ధతి పాతదే. తలుపు లోపల తాళాన్ని కదిపే సన్నని కడ్డీ ఒకటి ఉంటుంది. స్కేలు అంచు దానికి తగిలితే పని జరుగుతుంది. అయితే ఈనాటి తలుపుల లోపల అద్దాలను నడిపే మోటార్లు, వాటి తీగలు ఉంటాయి. కొన్ని కార్లలో ప్రమాద సమయంలో విచ్చుకునే గాలిసంచులకు సంబంధించిన అమరిక కూడా అక్కడే ఉంటుంది. తెలియని చేయి గ్రుడ్డిగా కలియబెడితే తలుపు తెరుచుకోకపోగా మరమ్మతు ఖర్చు మిగులుతుంది. మూడవవాడు, టెన్నిస్ బంతికి రంధ్రం చేసి తాళం మీద పెట్టి గట్టిగా నొక్కితే గాలి ఒత్తిడికి తెరుచుకుంటుందని ఎక్కడో చదివానన్నాడు. ఇది వట్టి మాట. తాళం రంధ్రం వెనుక గాలి నిలిచే గది ఏదీ లేదు. గాలి ఎటు వీలుంటే అటు పోతుంది.

నాలుగవవాడు మాట్లాడలేదు. ప్రక్కన కడుతున్న ఇంటి దగ్గర నుండి ఒక ఇటుక తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఇటుక పట్టుకొని నేను ఆలోచిస్తుండగా, క్రింది అంతస్తు వరండాలో నుండి ఒక వృద్ధురాలు గట్టిగా కేక వేసింది: "ఆ ఇటుక క్రింద పెట్టు బేటా. ఫోను చేస్తున్నాను." ఆ ఇంటి యజమానురాలు ఆమె. పై అంతస్తుల పిల్లలందరూ ఆమెను బీజీ అని పిలుస్తారు. పంజాబీ ఇళ్ళలో తల్లినో, పెద్దావిడనో పిలిచే పిలుపు అది. శంకర్ రోడ్డు మీద తాళాలు బాగుచేసే సర్దార్జీ ఒకడున్నాడనీ, అతడు స్కూటరు మీద ఇరవై నిముషాలలో వస్తాడనీ, అంతవరకు టీ త్రాగమనీ ఆమె ఆజ్ఞాపించింది. అప్పటికి ఏడుంబావు. ఎనిమిదింటికి తలుపు తెరుచుకోకపోతే ఇటుకే గతి అని నేనూ మేనల్లుడూ నిశ్చయించుకొని వరండాలో కూర్చున్నాము.

టీ వచ్చే లోపల ఈ పేట సంగతి కొంత చెప్పడం అవసరం. ఈనాడు దేశమంతటికీ ఇది చదువుల సంతగా తెలుసును గాని, ఇది పుట్టింది శరణార్థుల కోసం. 1947 దేశవిభజనలో ఇల్లూ వాకిలీ వదలి వచ్చినవారిలో ఢిల్లీ చేరినవారే సుమారు 5 లక్షల మంది అని 1951 జనాభా లెక్కలు చెబుతున్నవి. వారి కోసం నగరం చుట్టూ కొత్త పేటలు వెలసినవి. వాటికి జాతీయ నాయకుల పేర్లు పెట్టారు: పటేల్ నగర్, లాజ్‌పత్ నగర్, రాజేంద్రప్రసాద్ గారి పేర ఈ రాజిందర్ నగర్. రాజేంద్ర అనే మాట పంజాబీ నాలుక మీద రాజిందర్ అయింది. చిన్నచిన్న స్థలాలలో కట్టిన ఒంటి అంతస్తు ఇళ్ళ మీదనే క్రమంగా అంతస్తులు లేచినవి.

పేట ఆనుకొని ఉన్న సర్ గంగారామ్ ఆసుపత్రి కథ కూడా అటువంటిదే. గంగారామ్ గారు లాహోరులో మ్యూజియం, పెద్ద తపాలా కార్యాలయం వంటి భవనాలను నిర్మించిన ఇంజనీరు. ఆయన పేరిటి ఆసుపత్రి 1921లో లాహోరులో ఆరంభమైనది. విభజన తరువాత ఢిల్లీలో అదే పేరుతో మరొకటి కట్టారు. 1951లో శంకుస్థాపన, 1954లో ప్రారంభోత్సవం రెండూ నెహ్రూ గారి చేతుల మీదుగానే జరిగినవి. లాహోరులోని ఆసుపత్రి కూడా నేటికీ గంగారామ్ పేరుతోనే నడుస్తున్నది. సరిహద్దుకు అటూ ఇటూ ఒకే పేరు మోసే ఆసుపత్రులు రెండు ఉండడం నాకెప్పుడూ వింతగానే తోస్తుంది.

టీ కప్పులు పెట్టి బీజీ మా ఎదుట కూర్చున్నది. మేనల్లుడు నిముషానికోసారి గడియారం చూచుకోవడం గమనించి కాబోలు, అతని మనసు మళ్ళించడానికి ఒక కథ మొదలుపెట్టింది. ఆమె లాహోరులోని కృష్ణనగర్‌లో పుట్టింది. మూడేళ్ళ వయసులో, 1947 ఆగస్టులో, తండ్రి ఇంటికి తాళం వేసి కుటుంబాన్ని బయలుదేరదీశాడు. గొడవలు చల్లారగానే, పది పదిహేను రోజులలో తిరిగి వస్తామని అందరికీ చెప్పాడు. ఒక తాళంచెవి పొరుగున ఉన్న ముస్లిం మిత్రునికి ఇచ్చి తులసికి నీళ్ళు పోయించమన్నాడు. రెండవది తన దగ్గర పెట్టుకున్నాడు. ఆ రెండవది ఇప్పటికీ ఇంట్లో ఉన్నది. బీజీ లోపలికి వెళ్ళి పూజ అరలో నుండి ఎర్రగుడ్డ మూట ఒకటి తెచ్చి విప్పింది. అరచేతి పొడవున్న ఇనుప తాళంచెవి, నిండా త్రుప్పు.

"మా నాన్న పోయేవరకు దీనిని తలగడ క్రింద పెట్టుకొని పడుకునేవాడు" అన్నది. తరువాత మా కారు వైపు చూచి నవ్వింది. "మీ తలుపు మీ కళ్ళెదుటే ఉన్నది. తాళంచెవి కూడా కళ్ళెదుటే ఉన్నది. మధ్య ఒక గాజుపలక. దీనికింత దిగులా?"

మేనల్లుడు ఆ తాళంచెవిని చేతిలోకి తీసుకొని చాలాసేపు చూచాడు. ఆ అయిదు నిముషాలు అతడు గడియారం చూడలేదు.

ఏడూ నలభైకి స్కూటరు చప్పుడు వినబడింది. దిగినవాడు అరవై యేళ్ళ సర్దార్జీ. బూడిదరంగు తలపాగా, భుజాన తోలుసంచి, నడుముకు వందలాది తాళంచెవులు గ్రుచ్చిన ఇనుప వలయం. ఆ వలయం చప్పుడు వినగానే నాకు తెనాలి జ్ఞాపకం వచ్చింది. నా చిన్నతనంలో మా వీధిన మధ్యాహ్నపుటెండలో అటువంటి వలయమే గలగలలాడించుకుంటూ ఒక సర్దార్జీ వచ్చేవాడు. పెట్టె తాళంచెవి పోగొట్టుకున్న ఇల్లాళ్ళు అరుగు మీద కూర్చోబెట్టి చేయించుకునేవారు. తెలుగునాట పట్టణాలలో ఇలా తాళంచెవులు చేసే సిక్కులలో చాలామంది సికిల్‌గర్లన్న వర్గానికి చెందినవారు. అరబ్బీలో సైకల్ అంటే మెరుగు పెట్టేవాడు. సిక్కు గురువుల సేనలకు కత్తులు, బల్లేలు చేసి, వాటికి మెరుగు పెట్టినవారు వీరు. 1878లో బ్రిటిషు ప్రభుత్వం తెచ్చిన ఆయుధాల చట్టం లైసెన్సు లేకుండా ఆయుధాలు చేయడాన్ని నేరం చేసింది. చేతిలో ఉన్న ఇనుపపని విద్య ఊరక పోదు గదా! కత్తులు సాన పట్టిన ఆకురాళ్ళు క్రమంగా తాళంచెవుల పళ్ళు దిద్దడానికి అలవాటుపడినవి.

ఈ సర్దార్జీ సికిల్‌గరే. మాది తెనాలి అని చెబితే, "మా అక్కను విజయవాడ ఇచ్చాము" అన్నాడు. అంతటితో ఆ ముచ్చట కట్టిపెట్టి, "బండి కాగితం చూపండి" అన్నాడు.

కాగితం కారులో ఉన్నదన్నాను. అందరూ అదే అంటారన్నాడు. లోపల ఉన్న ఫైలు చూపాను. ఫైలు మీద బండి నంబరు లేదు గదా అన్నాడు. కోపం వచ్చిన మాట నిజం. టైము ఏడూ నలభైమూడు. నా కారు ముందు నేను దొంగలా నిలబడవలసి రావడమేమిటి? బీజీ వరండాలో నుండి నా తరఫున సాక్ష్యం చెప్పబోయింది. ఆయన చేతులు జోడించి ఆమెను ఆపాడు. "బీజీ, వీరిని మీరు ఎంతకాలంగా ఎరుగుదురు?" అన్నాడు. ఆమె నిజాయితీగా "ఇరవై నిముషాలు" అన్నది. చుట్టూ చేరినవారు నవ్వారు. చివరకు మేనల్లుడికి తట్టింది: బండి రిజిస్ట్రేషను నా ఫోనులో డిజిలాకరులో ఉండాలి. ఉన్నది. పేరు, నంబరు, ఫోటో గుర్తింపు కార్డు సరిచూచుకొని ఆయన సంచీ విప్పాడు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ ప్రశ్నే ఆయన విద్యలో అసలు భాగమనిపిస్తుంది. తాళానికి మనిషి తెలియదు, తన చెవి ఒక్కటే తెలుసు. చెవి లేనప్పుడు ఈ మనిషి యజమాని అవునా కాదా అని తేల్చవలసినవాడు ఈ సంచీ మోసేవాడు. ఏ కారయినా రెండు నిముషాలలో తెరవగలిగినవాడు ఎవరు అడిగినా తెరిచేవాడయితే, ఆ పేటలో ఎవరి కారుకూ తాళం లేనట్టే.

తెరవడం మాత్రం నిజంగానే రెండు నిముషాల పని. తలుపు పైచట్రానికీ కారు పైకప్పుకూ మధ్య సందులో ముందు ఒక పలుచని చెక్క మేకు దూర్చాడు. రంగు గీరుకుపోకుండా దాని క్రింద గుడ్డ పెట్టాడు. తరువాత ఖాళీ రబ్బరు సంచి ఒకటి ఆ సందులోకి త్రోసి, చేతిపంపుతో గాలి నింపాడు. చట్రం వ్రేలిమందం ప్రక్కకు వంగింది. ఆ సందులో నుండి చివర కొక్కెమున్న పొడుగాటి ఉక్కు కడ్డీ లోపలికి పంపి, బుడిపె మెడకు తగిలించి పైకి లాగాడు. టక్కుమని చప్పుడయింది. గాలి తీసేయగానే చట్రం యథాస్థానానికి వచ్చింది. చూడగా చూడగా కూడా ఎక్కడ వంగిందో నాకు కనబడలేదు.

ఆయన తలుపు తెరిచి, తాళంచెవి తానే తీసి, నా చేతికి ఇవ్వలేదు. ముందు డాష్‌బోర్డు అరలో ఉన్న కాగితం తీయించి ఫోనులోని నంబరుతో మరోసారి పోల్చి చూచుకున్నాడు. తరువాత ఇచ్చాడు. మూడు వందలు అడిగాడు. అయిదు వందల నోటు ఇస్తే రెండు వందలు తిరిగి ఇచ్చి, "మధ్యాహ్నం వచ్చి మారు తాళంచెవి చేయించుకోండి. ఆ బీరువా నాటకం మళ్ళీ వద్దు" అన్నాడు.

ఎనిమిదింటికి అయిదు నిముషాలు ముందే బయలుదేరాము. శంకర్ రోడ్డు మీదుగా రిడ్జి అడవి దాటి, గోల్ డాక్ ఖానా చుట్టి, అశోకా రోడ్డులో ఆంధ్ర భవన్ ముందు నుండి పోతుంటే, "తిరిగి వచ్చేటప్పుడు ఇక్కడ భోజనం చేద్దాం మామయ్యా" అన్నాడు మావాడు. ఇండియా గేటు దాటి ధోల్‌పూర్ హౌస్ ముందు దింపేసరికి ఎనిమిదీ ముప్ఫై. ఫైలు గుండెకు హత్తుకొని లోపలికి వెళ్ళాడు. ఫలితం ఏమయిందని అడిగే పాఠకుల కోసం చెబుతున్నాను: ఆ ఏడు అతనికి ఉద్యోగం రాలేదు. ఇంటర్వ్యూలో మార్కులు బాగానే వచ్చినవి గాని వ్రాత పరీక్ష మార్కులు చాలలేదు. ఈనాడు ఒక బ్యాంకులో అధికారి. అతడు ఓడిపోయింది తన లెక్క ప్రకారమే గాని, నా అలవాటు మూలాన కాదు. ఆ ఒక్క మాట అనుకోగలగడానికే నేను ఆ సర్దార్జీకి ఋణపడి ఉన్నాను.

మధ్యాహ్నం శంకర్ రోడ్డుకు వెళ్ళాను. కాలిబాట మీద గొడుగు, చెక్కపెట్టె, పళ్ళు కోసే చిన్న యంత్రం. అదే దుకాణం. ఆయన నా తాళంచెవిని వెలుతురులో పట్టి చూపి, కారు తాళం కడుపులో ఏముంటుందో చెప్పాడు. లోపల ఒక సిలిండరు. దానిలో వరుసగా పలుచని ఇత్తడి రేకులు, ఒక్కొక్క దానికి ఒక స్ప్రింగు. తాళంచెవి లేనప్పుడు రేకులు అంచు దాటి బయటకు పొడుచుకు వచ్చి సిలిండరును తిరుగనివ్వవు. సరియైన పళ్ళున్న చెవి దూరితే ప్రతి రేకూ తన ఎత్తుకు సర్దుకొని లోపలికి అణుగుతుంది. అప్పుడు సిలిండరు తిరుగుతుంది. ఏళ్ళ తరబడి వాడగా రేకులు అరుగుతాయి. అంబాసిడరు, ఫియట్ల కాలంలో ఒక కారు చెవి మరొక కారులో తిరగడం పెద్ద వింత కాదట. 1983 డిసెంబరులో ఇందిరాగాంధీ గారు మొదటి మారుతీ కారు తాళంచెవిని ఢిల్లీవాసి హర్పాల్ సింగ్ గారి చేతిలో పెట్టిన ఫోటో పత్రికలలో చూచి, "ఇక కొత్త చెవుల రోజులు వచ్చాయి" అని ఆయన తండ్రి అన్నాడట. మాటకు మాటగా నేను, మన భాషలో దీనిని తాళానికి చెవి అంటాము అని చెప్పాను. కొన్ని ప్రాంతాలలో తాళాన్ని బీగమంటారు. హిందీ చాబీ పోర్చుగీసువారు వదలిపోయిన మాట. చెవి అన్న పేరు ఆయనకు తెగ నచ్చింది. "నిజమే, తాళం వినేది దీని మాటే" అన్నాడు.

ఈనాటి తాళంచెవుల తలలో చిన్న చిప్పు ఉంటుంది. ఇంజను తిప్పే చోట ఉన్న తీగచుట్ట దాని సంకేతాన్ని చదివి, సరిపోతేనే ఇంజనును కదలనిస్తుంది. యూరపులో 1998 నుండి కొత్త కార్లకు ఈ ఏర్పాటు తప్పనిసరి అయింది. అందువల్ల తలుపు తెరవడం ఒక ఎత్తు, బండి కదిలించడం ఒక ఎత్తు అయింది. జేబులో ఉంటే చాలు తలుపు తెరుచుకునే రకం కార్లు, తాళంచెవి లోపల ఉందని గ్రహిస్తే సాధారణంగా తాళం వేయనివ్వవు. చెవిలోని బ్యాటరీ నీరసించినా, చెవి ఏ లోహపు పెట్టెలోనో చిక్కుకున్నా ఆ గ్రహింపు తప్పవచ్చు. బ్యాటరీ అయిపోయిందని బయట నిలబడి బెంబేలు పడేవారు తరచు మరచే సంగతి ఒకటి ఉన్నది: ఆ ప్లాస్టిక్ బిళ్ళలోపల మామూలు లోహపు చెవి ఒకటి దాగి ఉంటుంది, డ్రైవరు తలుపు పిడి దగ్గర, కొన్నిటిలో మూత క్రింద, దానికి రంధ్రం ఉంటుంది.

మారు చెవి పళ్ళు ఆకురాయితో సరిచేస్తూ సర్దార్జీ అన్నాడు: "ఒక్క పిలుపుకు మాత్రం నేను వెళ్ళను. లోపల పసిబిడ్డ ఉన్నదంటే, నేను స్కూటరు తీసేలోపల అద్దం పగులగొట్టమంటాను."

ఈ మాట నేను ఆనాడు విని ఊరుకున్నాను. 2025లో రెండుసార్లు గుర్తుకు వచ్చింది. ఏప్రిల్‌లో రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు చిన్నారులు, మే నెలలో విజయనగరం సమీపాన ద్వారపూడిలో నలుగురు పిల్లలు, ఆడుకుంటూ నిలిపి ఉన్న కారులోకి ఎక్కి, బయటకు రాలేక ప్రాణాలు కోల్పోయారు. ఎండలో నిలిచిన కారు ఎంత త్వరగా కొలిమి అవుతుందో మనలో చాలామందికి తెలియదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వైద్యులు 2005లో ప్రకటించిన పరిశీలనలో, గంట సేపట్లో కారు లోపలి వేడి బయటికంటే సగటున 22 సెల్సియస్ డిగ్రీలు పెరిగింది. అందులో నూటికి ఎనభై వంతులు మొదటి అరగంటలోనే పెరిగింది. అద్దాలు కొంచెం దించి ఉంచినా పెద్ద తేడా లేకపోయింది. కనుక లోపల బిడ్డ ఉంటే కొక్కేలు, స్కేలు, సర్దార్జీ, ఏవీ వద్దు. ఒకరు 112కు ఫోను చేయాలి, ఇంకొకరు బిడ్డకు దూరంగా ఉన్న ప్రక్క కిటికీ అద్దాన్ని, మధ్యలో కాక మూల దగ్గర, బరువైన కొసగల వస్తువుతో కొట్టాలి. ప్రక్క అద్దాలు సాధారణంగా చిన్నచిన్న పలుకులుగా రాలిపోయేవి. ముందరి అద్దం రెండు గాజుపొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నది కనుక పగిలినా ఊడిరాదు. ఇంటి ముందు నిలిపిన కారుకు ఎప్పుడూ తాళం వేసి, తాళంచెవి పిల్లలకు అందని చోట ఉంచడం అన్నిటికంటె ముందు చేయవలసిన పని.

ఓల్డ్ రాజిందర్ నగర్ పేరు చెబితే ఈనాడు చాలామందికి గుర్తుకు వచ్చేది కూడా మూసుకుపోయిన దారే. 2024 జూలై 27 సాయంత్రం కుండపోత వానకు వీధి నీరు ఒక శిక్షణాలయపు నేలమాళిగ గ్రంథాలయంలోకి దూకింది. చదువుకుంటున్న ముగ్గురు విద్యార్థులు బయటపడలేకపోయారు. ఆ ఆగస్టులో బీజీని చూడడానికి వెళ్ళినప్పుడు వీధిలో పిల్లలు ఇంకా ధర్నాలోనే ఉన్నారు. ఆమె వరండాలో కూర్చొని, పై అంతస్తుల పిల్లలను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి, ఏ గ్రంథాలయానికి పోతున్నావు, ఎన్ని తలుపులున్నవి అని అడుగుతున్నది.

మళ్ళీ ఆనాటి మధ్యాహ్నానికి వస్తాను. మారు తాళంచెవి తీసుకొని, బీజీకి కృతజ్ఞత చెప్పడానికి మిఠాయి పొట్లంతో వెళితే, సర్దార్జీ కూడా నా వెంట వచ్చాడు. ఆమె వరండా గ్రిల్లు తాళం పట్టేస్తున్నదట. పని అయిన తరువాత ఆమె ఎర్రగుడ్డ మూట విప్పి లాహోరు తాళంచెవిని ఆయన చేతిలో పెట్టింది. ఆయన దానిని త్రిప్పి త్రిప్పి చూచి, యంత్రం మీద కోసినది కాదనీ, ప్రతి పన్నూ చేతితో దిద్దినదనీ, మంచి పనివాని పని అనీ చెప్పాడు. చెబుతూనే అలవాటున సంచీలో నుండి ఆకురాయి తీసి త్రుప్పు మీద పెట్టబోయాడు.

బీజీ చేయి అడ్డం పెట్టింది. "వద్దు బేటా, ఉండనీ" అని దానిని తీసుకొని మళ్ళీ గుడ్డలో చుట్టింది. ఆయన ఆకురాయిని సంచీలో వేసుకొని, గ్రిల్లు తాళానికి యాభై రూపాయలు పుచ్చుకొని, స్కూటరు ఎక్కాడు.